కథ ముగిసిన తరువాత: సర్ వాల్టర్ స్కాటు దినచర్యలో ఒక సంవత్సరము

మన యిండ్లలో నవలలు చదువువారికి ఒక యలవాటు కలదు. నాయికానాయకులకు పెండ్లి యగునా కాదా యను సందేహము తీరినతోడనే పుస్తకము మూసి ప్రక్కన బెట్టుదురు. ఇందు చదువరుల తప్పు లేదు. రచయితయే అక్కడ కలము దించును గదా! కాని పెండ్లిపందిరి విప్పిన తరువాతనే సంసార మారంభమగునని ఇల్లు నడపిన వారందఱు నెఱుగుదురు. ఆ సంసారమునుగూర్చి ప్రేమకథలు వ్రాసిన గొప్ప రచయితలకు చెప్పుట కేమియు లేదా? లేక, చెప్పుటకు వారి కథలలో చోటు లేకపోయినదా? ఈ ప్రశ్నను విచారించుటకు నేనొక గ్రంథమును చదువరుల యెదుట నుంచుచున్నాను. అది నవల కాదు. సర్ వాల్టర్ స్కాటు 1825 నవంబరు 20వ తేదీన ఆరంభించి, మరణమునకు కొన్ని నెలల ముందువఱకు వ్రాసికొనిన దినచర్య. అందు మొదటి సంవత్సరపు భాగమును మాత్రమే ఇచట విమర్శించెదను. ఆ యొక్క సంవత్సరములో ఆ రచయితకు ధనము పోయినది, ఇల్లు పోయినది, ఇల్లాలు పోయినది. రచన మాత్రము ఆగలేదు.

స్కాటు పేరు ఆంధ్రులకు క్రొత్తది కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారిని ఆంధ్రస్కాటు అని మనవారు గౌరవించిరి. హేమలత, అహల్యాబాయి మొదలగు గ్రంథములలో చరిత్ర నాధారముగా గొని ఆయన కథ నల్లిన రీతి స్కాటు చూపిన మార్గమే. ఆ మార్గమున వచ్చిన నవలలనుండి మనము కోటలను, ముట్టడులను, మాఱువేషములను, ఆపత్సమయమున వచ్చి యాదుకొను వీరులను మక్కువతో స్వీకరించితిమి. స్కాటువద్ద నేర్చుకొనదగిన విద్య వేఱొకటి కూడ కలదనియు, అది నవలలలోకంటె దినచర్యలోనే స్పష్టముగా గనబడుననియు నా యభిప్రాయము.

ముందుగా ఆయన నవలలనుగూర్చి కొంచెము చెప్పవలయును. స్కాటు 1771లో ఎడింబరో నగరమున జన్మించి, న్యాయవాదియై, తరువాత అచ్చటి ఉన్నత న్యాయస్థానములో గుమాస్తా పదవియు, సెల్కర్కు మండలపు షెరీఫు పదవియు వహించెను. మొదట కవిగా ప్రసిద్ధుడై, 1814లో వేవర్లీ యను నవలను పేరు చెప్పక ప్రకటించెను. అటుపిమ్మట వచ్చిన నవలలు చాలవఱకు 'వేవర్లీ గ్రంథకర్త' రచనలుగా వెలువడుచుండెను. 1824లో బ్రిటానికా విజ్ఞానసర్వస్వపు అనుబంధమునకు వ్రాసిన వ్యాసములో ఆయన రొమాన్సుకును నావెలుకును భేదము చూపెను. అద్భుతములు, అసాధారణములు నగు సంఘటనలపై ఆధారపడు కల్పనాకథ రొమాన్సు. లోకములో సామాన్యముగా జరుగు సంగతుల ననుసరించి నడచు కల్పనాకథ నావెలు. స్కాటు గ్రంథములు ఈ రెంటి నడుమ నిలుచును. ఆయన రైతులును, సేవకులును, బిచ్చగాండ్రును రెండవ జాతికి చెందినవారు. ప్రేమించుకొను నాయికానాయకులు మాత్రము తఱచుగా మొదటి జాతికి చెందినవారే.

అందుచేతనే ఆయన ప్రేమకథలు బలహీనములు. 1819లో వెలువడిన ఐవన్‌హోలోని రొవీనాను చూడుడు. ఆమె అందగత్తె, కులీనురాలు. అంతకుమించి ఆమెనుగూర్చి చెప్పదగినది స్వల్పము. అదే గ్రంథములో వైద్యము నేర్చిన యూదుకన్య రెబెక్కా గాయపడిన నాయకునికి శుశ్రూష చేయును. తన మతమును ప్రాణముకంటె మిన్నగా జూచుకొనును. ఆమె మన మనస్సులో నిలుచును. ఐవన్‌హో ఈమెనే వివాహమాడవలసినదని వాదించిన పాఠకులకు 1830 నాటి పీఠికలో స్కాటు సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. 1818 నాటి 'హార్టు ఆఫ్ మిడ్‌లోథియను' నవలలోని జీనీ డీన్సు మఱియొక తార్కాణము. చెల్లెలిని ఉరినుండి తప్పించుటకైనను అబద్ధసాక్ష్యము చెప్పనొల్లక, స్కాట్లండునుండి లండనుకు చాలవఱకు కాలినడకను పోయి, రాణిగారిని వేడుకొని క్షమాపణము సంపాదించిన రైతుబిడ్డ ఆమె. ఆలోచించి చూచిన, ఏదో యొక పని చేసెడి స్త్రీ స్కాటు చేతిలో ప్రాణము పోసికొనును. ప్రేమింపబడుటయే పనిగా గల స్త్రీ పటములోని బొమ్మవలె నుండును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొని దినచర్యకు వత్తము.

దినచర్య నారంభించునాటికి స్కాటునకు 54 ఏండ్లు. 1820లో బారొనెటు బిరుదము లభించినది. ట్వీడు నదీతీరమున 1811లో ఒక చిన్న పొలము కొని, దానికి అబట్స్‌ఫర్డు అని పేరు పెట్టి, ప్రక్క పొలములు చేర్చుచు, పురాతన దుర్గమును బోలిన మేడ కట్టించుకొనెను. ఆ దుర్గములో గ్యాసు దీపములు వెలుగుచుండెను. బైరను కవి వ్రాసికొనిన దినచర్యాపుటలను చూచి, తానును ఇట్టి పని ముందే చేయకపోతినే యని విచారించి, తాళము వేయదగిన యందమైన పుస్తకమొకటి తెప్పించుకొని వ్రాత మొదలుపెట్టెను. అప్పుడాయన ఉద్దేశము తనకు తెలిసిన పెద్దలనుగూర్చిన ముచ్చట్లను వ్రాసియుంచుటయే. అట్టి ముచ్చట్లు మొదటి పుటలలో నిండుగా నున్నవి కూడ. కాని కొలది వారములు గడవకముందే ఆ పుస్తకము వేఱొక పని చేయవలసి వచ్చెను.

ఆ యాపద యెట్లు వచ్చినదో తెలిసికొనుట యవసరము. కాన్‌స్టేబులు కంపెనీవారు స్కాటు గ్రంథములకు ప్రచురణకర్తలు. జేమ్సు బాలంటైను కంపెనీవారు ముద్రాపకులు. ఆ ముద్రణాలయములో స్కాటు రహస్యముగా భాగస్వామి. ఇంకను వ్రాయని నవలలకై ప్రచురణకర్తలు ముందుగానే హుండీలు వ్రాసి యిచ్చెడివారు. వానిని బ్యాంకులలో వట్టము పోగా రొక్కము చేసికొని ఖర్చులు గడపుదురు, పొలములు కొందురు, మేడ కట్టుదురు. ప్రచురణకర్తలకు భద్రముగా ముద్రాపకులు ఎదురు హుండీలు వ్రాసి యిచ్చెడివారు. ప్రచురణకర్తలకును ఇరుకు వచ్చినప్పుడు ఆ యెదురు హుండీలు కూడ బ్యాంకులకు చేరెను. ఈ విధముగా ఒకే ఋణమునకు స్కాటు రెండు మారులు బాధ్యుడయ్యెను. 1825 డిసెంబరులో లండను బ్యాంకులలో పుట్టిన కలవరము ఈ కాగితపు కట్టడమును కూల్చివేసినది. 1826 జనవరి మూడవ వారములో కాన్‌స్టేబులు కంపెనీ లండను వర్తకులు దివాలా యెత్తిరి. వెంటనే కాన్‌స్టేబులును, బాలంటైనును పడిపోయిరి. స్కాటు నెత్తిమీద పడిన భారము సుమారు 1,20,000 పౌనులు.

దివాలా చట్టము ననుసరించి ఉన్న యాస్తిని అప్పగించి, తక్కిన ఋణమునుండి విముక్తి పొందుటకు ఆయనకు వీలుండెను. అందుకు స్కాటు ఇష్టపడలేదు. ఆస్తిని ధర్మకర్తల చేతిలో నుంచి, తాను వ్రాయబోవు గ్రంథముల యాదాయము ఋణదాతలకే చెందునట్లు ఏర్పాటు చేసికొనెను. ఏటేట వచ్చు 1,600 పౌనుల జీతములు తన గ్రాసమునకు మిగిలినవి. స్నేహితులు ధనసహాయము చేసెదమన్నను గ్రహింపలేదు. ఈ నిశ్చయము నూఱేండ్లకు పైగా ఎందఱో కొనియాడిరి, కొనియాడదగినదే. కాని విమర్శకుడు రెండవ ప్రక్కను కూడ చూపవలయును. వ్రాయని గ్రంథములపై తెచ్చిన ధనముతో భూములు కొనుట వివేకము కాదు. కుప్ప కూలుటకు ఒక యేడాది ముందు, 1825లో, జ్యేష్ఠపుత్రుని వివాహ సందర్భమున అబట్స్‌ఫర్డు భూమి ఆ కుమారునికి చెందునట్లు వ్రాసి యుండుటచేత, ఆ యాస్తి సులభముగా ఋణదాతల చేతికి రాలేదు. స్కాటు మోసము తలపెట్టెనని నేననను. కాని ఆయన కట్టిన ఋణము ఆయన కోరి చేసిన ఋణమేయని మఱచిపోరాదు. దినచర్యలో గొప్పతన మేమనగా, ఈ సంగతిని ఆయనయు మఱచిపోలేదు. తన పొరపాటును పూర్తిగా ఒప్పుకొననప్పుడు కూడ, దానిచుట్టును తిరిగి తిరిగి వచ్చుచుండును.

ఋణదాతల సభకు అధ్యక్షత వహించినవాడు సర్ విలియం ఫోర్బ్సు అను బ్యాంకు యజమాని. స్కాటు యౌవనమున మనసార ప్రేమించిన విలియమినా బెల్షెసును 1797లో వివాహమాడినవాడు ఇతడే. ఆమె 1810లోనే మరణించినది. ఆ పాత గాయము మానినను మచ్చ మాత్రము మిగిలియున్నదని స్కాటు 1825 డిసెంబరు దినచర్యలో వ్రాసికొనెను. నవలలో ఇట్టి సన్నివేశము వచ్చియుండినచో, నాటి ప్రతిస్పర్ధి నేడు ఋణదాతయై యెదురుగా కూర్చుండినప్పుడు స్కాటు ఎంత కథ నడిపించెడివాడో! పగ పైకి వచ్చెడిది. ఒక రహస్యలేఖ బయల్పడెడిది. లోకములో జరిగినది వేఱు. ఫోర్బ్సు నిండు మిత్రభావముతో ప్రవర్తించెను. స్కాటు ఆ మంచితనమును కృతజ్ఞతతో గుర్తించెను. రొమాన్సునకు కావలసిన సామగ్రి యంతయు చేతికందియుండగా ఆ రచయిత దానిని తాకనైనను తాకలేదు. దినచర్యను నేను నమ్ముటకు ఇది యొక కారణము.

ఇక నా ప్రశ్నకు మూలమైన స్థలమునకు వచ్చుచున్నాను. డిసెంబరు 18వ తేదీన, సర్వనాశనము తప్పదేమోయను భయముతో స్కాటు చాల వ్రాసెను. తాను పెంచిన కుక్కలు తనకై వృథాగా ఎదురుచూచునని తలచుకొన్నప్పుడు ఆయనకు కలిగిన దుఃఖము, మేడ పోవునని తలచినప్పటి దుఃఖముకంటె ఎక్కువ. ఆ వ్రాతలోనే, పేరు చెప్పక, వేఱొక వ్యక్తి తనకు తాననుకొనినంత సానుభూతి చూపలేదని యనెను. ఆ వ్యక్తి ఆయన భార్య షార్లటు. ఆమె స్వభావము దయగలదని వెంటనే చేర్చెను. పరులను అతిగా నమ్మి అవివేకముగా ప్రవర్తించితినని ఆమె యభిప్రాయమనియు, అది నిజమే కావచ్చుననియు, కాని తానేమి చేయగలిగియుండెననియు ఆయన వ్రాసికొనెను.

గృహిణులగు చదువరులు ఈ స్థలమున ఆగి ఆలోచింపవలయును. ఆ యింట ఆ సమయమున సరియైన విమర్శ చేసినది ఎవరు? న్యాయశాస్త్రము చదివిన భర్తయా? వ్యాపారములో నలిగిన ప్రచురణకర్తయా? ఫ్రాన్సులోని లియోను నగరమున పుట్టి, పరదేశమునకు వచ్చి, ఇల్లు దిద్దుకొనిన ఆ స్త్రీ చెప్పిన మాటయే నిజమైనది. స్కాటు పరులను అతిగా నమ్మెను. ఇట్టి మాట మన యిండ్లలోను వినబడుచుండును. పూచీ వ్రాయుటకు ముందు ఇల్లాలిని అడుగు మగవారు ఎందఱు? పూచీ మీదికి వచ్చిన తరువాత ఆమె ఒక మాట యనిన, సానుభూతి లేదని నొచ్చుకొనువారు మాత్రము పెక్కుమంది. స్కాటు కూడ నొచ్చుకొనెను. అయినను, ఆమె యన్న మాటను దాచక వ్రాసెను. తన నొప్పిని, ఆమె న్యాయమును ఒకే చోట నుంచెను. ఆయన నవలలలో ఏ నాయిక నాయకుని ఇంత సూటిగా తప్పుపట్టి, మరల ప్రేమపాత్రురాలుగా మిగిలినది? తప్పు పట్టుటయు సంసారములో ప్రేమయొక్క పనియేయని నవలాకారుడు చెప్పలేదు. దినచర్యాకారుడు తెలియకయే చెప్పెను.

ఇట్లు జనవరి, ఫిబ్రవరి గడచినవి. పతనవార్త వచ్చిన వారములోనే స్కాటు వుడ్‌స్టాకు అను నవలను మరల చేతికి దీసికొని, రోజునకిన్ని పుటలని నియమము పెట్టుకొని వ్రాయసాగెను. నడుమ స్కాట్లండు బ్యాంకులు ఒక పౌను నోట్లను జారీచేయు హక్కును కాపాడుటకు, మారుపేరుతో మూడు లేఖలు ప్రకటించి, ప్రభుత్వమునే వెనుకకు త్రిప్పెను. మార్చి 15వ తేదీన ఎడింబరోలో ఇరువదియేండ్లకు పైగా నివసించిన కాసిలు వీధి యింటిని శాశ్వతముగా విడిచిపెట్టెను. దానికి ముందటి దినము, అనగా మార్చి 14వ తేదీన, ఆయన వ్రాసిన దేమి? జేన్ ఆస్టెను రచించిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవలను తాను కనీసము మూడవసారి చదివితినని వ్రాసెను. ఆర్భాటముగా మ్రోగెడి వ్రాత తనకును చేతనగుననియు, సామాన్యజనుల నిత్యజీవితమును సత్యముతోను సున్నితముగాను రమ్యము చేయు నేర్పు మాత్రము తనకు లేదనియు ఒప్పుకొనెను. ఇంతటి ప్రతిభావంతురాలు చిన్నతనమున మరణించెనేయని చింతించెను. ఆస్టెను 1817లో, 41 ఏండ్ల వయస్సున గతించినది. ఆమె 'ఎమ్మా' నవలను స్కాటు 1816లో వెలువడిన క్వార్టర్లీ రివ్యూ సంచికలో పేరు చెప్పక మెచ్చుకొనియుండెను.

ఇంటి సామానులు కట్టుచున్న ఆ సమయమున, కోటలు కట్టిన రచయిత ఇంటికథలు వ్రాసిన రచయిత్రికి నమస్కరించినాడు. ఇది వినయముకొఱకు పలికిన మాట కాదని నాకు తోచుచున్నది. తన కళలో ఎచట లోపమున్నదో ఆ పెద్ద రచయితకు తెలియును. కాని ఆ నేర్పు తనకు లేదని ఆయన వ్రాసికొనిన రెండు నెలలలోపలనే ఆ దినచర్యలో అదే నేర్పు కనబడుట ఆశ్చర్యకరము.

షార్లటు ఆరోగ్యము అంతకుముందునుండియే చెడియుండెను. ఉబ్బసము ముదిరి, దేహమునకు నీరు పట్టెను. మే నెలలో న్యాయస్థానము తెఱవబడగా, జీతము తప్ప వేఱు ఆధారము లేని స్కాటు ఉద్యోగమునకు పోక తప్పలేదు. మే 11వ తేదీన అబట్స్‌ఫర్డు విడచునపుడు ఆమె గాఢనిద్రలో నుండెను. సెలవు పుచ్చుకొనుటకు వీలు లేకపోయెను. అదియే మేలేమోయని ఆయన వ్రాసెను. ఎడింబరోలో ఒక అద్దె బసలో నుండగా మే 15వ తేదీన ఆమె మరణవార్త చేరినది. ఆ రాత్రియే ఇంటికి వచ్చెను. మే 22వ తేదీన డ్రైబరో మఠపు శిథిలములలో ఆమెను ఖననము చేసిరి.

ఈ దినములలో స్కాటు వ్రాసిన పుటలలో అలంకారము లేదు. స్వర్గమునుగూర్చి దీర్ఘోపన్యాసము లేదు. ఉన్నవి చిన్న చిన్న సంగతులు. చుట్టునున్నవారి మొగములలోని దిగులును చూచి ఆమె చిరునవ్వుతో అన్న చిన్న మాటయే తాను విన్న చివరిమాటయని జ్ఞాపకము చేసికొనెను. ఆమె ముచ్చటపడి, గర్వపడి, చక్కగా అమర్చుకొనిన పడకగది ఇప్పుడు మృత్యువు గదియైనదని వ్రాసెను. రోగికి నిద్రాభంగము కలుగునేమోయని వారములతరబడి అడుగుసవ్వడిసైతము కానీయని ఆ గదిలో మనుష్యులు ఇప్పుడు నిస్సంకోచముగా తిరుగుచున్నారని వ్రాసెను. ఈ యడుగుల చప్పుడును చెవులార విన్నవారికి దీని సత్యము తెలియును. మన యిండ్లలోను జబ్బుమనిషి యున్నంతకాలము తలుపు మెల్లగా వేయుమందుము, పిల్లలను కేకలు వేయనీయము. ఆ మనిషి పోయిన మఱుక్షణమున ఆ జాగ్రత్త యంతయు అనవసరమగును. ఆ యనవసరమే గుండెను పిండును. ఇది తెలుపుటకు స్కాటునకు రెండు వాక్యములకంటె ఎక్కువ పట్టలేదు.

మఱియొక సంగతి. ఇంక తన భయములను వినువారెవరని ఆయన ప్రశ్నించుకొనెను. రాబోవు కష్టములను తలచి తాను బెదరినప్పుడు మాటలాడి ఆ బెదరు పోగొట్టునది ఆమెయే. ఆమెలోని చిన్న చిన్న లోపములు సైతము తనకు మేలే చేసినవనియు, అవి తన చింతలనుండి మనస్సును మఱల్చుచుండెననియు ఆయన యొప్పుకొనెను. ఇందులో దేవతను చేయుట లేదు. లోపములు లేవనుట లేదు. ఆ లోపములతో కూడిన మనిషియే తనకు కావలసినదని చెప్పుట యున్నది. రొవీనా కేదైన లోపమున్నదని ఐవన్‌హో ఎన్నడైన గమనించెనా? లోపమును గమనించుటకు ఒకే కప్పుక్రింద ఏండ్లు గడువవలయును. స్కాటు, షార్లటుల వివాహము 1797 డిసెంబరు 24వ తేదీన జరిగినది. ఇరువదియెనిమిదేండ్ల సహవాసమునుండి పుట్టిన మాటలివి.

వీనిని అదే వసంతమున వెలువడిన వుడ్‌స్టాకు నవలతో పోల్చి చూతము. అందును ఒక వృద్ధుడు ఇల్లు కోల్పోవును. సర్ హెన్రీ లీ రాజపక్షమువాడు. ప్రభుత్వాధికారులు వచ్చి అతని నివాసమును స్వాధీనము చేసికొందురు. కుమార్తె ఆలిసు తండ్రిని కనిపెట్టుకొని యుండును. స్కాటు స్వంత యింటి గతి ఈ కథను తాకకపోలేదు. కాని కథ ముగింపులో ఆలిసు కోరిన వరుని పెండ్లాడును. దేశభ్రష్టుడైన రాజు 1660లో తిరిగి వచ్చి, దారిలో వాహినిని ఆపి, ముదుసలిని పలుకరించును. ఆ యానందములోనే ముదుసలి కన్నుమూయును. పోయినదంతయు తిరిగివచ్చును. ఋణదాతలకొఱకు వ్రాసిన ఆ నవలకు 8,228 పౌనులు వచ్చినవి. చదువుటకు అది బాగుగనే యుండును. కాని ఒక తూకములో వుడ్‌స్టాకు మూడు సంపుటములను, వేఱొక తూకములో మే నెల పుటలను పెట్టినచో, నాకు రెండవదే బరువుగా దోచుచున్నది. ఆ పుటలలో ఏదియు తిరిగి రాదు. రాదని తెలిసియు మఱునాటి పనికి కూర్చుండిన మనిషి యున్నాడు.

ఇచట రెండు ఆక్షేపణములు రావచ్చును. మొదటిది: ప్రఖ్యాత రచయిత తన దినచర్య ఏనాటికైనను అచ్చగునని యెఱిగి, లోకముకొఱకే ఈ కన్నీరు కార్చెనేమో యనునది. అచ్చగునను తలంపు ఆయనకు బొత్తిగా లేదని నేననను. అల్లుడు లాకార్టు 1837, 1838 సంవత్సరములలో ప్రకటించిన జీవితచరిత్రలో ఇందలి భాగములను చేర్చెను. 1890లో దినచర్య గ్రంథరూపమున వచ్చెను. కాని లోకమునకు చూపుటకు వ్రాయువాడు తన భార్య తనను తప్పుపట్టినదని, ఆ తప్పు నిజమే కావచ్చునని వ్రాయుట అరుదు.

రెండవ ఆక్షేపణము బలమైనది. ఆమె బ్రతికియుండగా ఈ దినచర్యలో ఆమెకు దొరికిన చోటు స్వల్పము. పండితులకు, ప్రభువులకు, ముద్రాపకులకు పుటలు నిండినవి. ఇల్లాలు జబ్బు పడిన తరువాతనే పదే పదే కనబడును. మరణించిన తరువాతనే నిండుగా కనబడును. ఆమె మాట ఆమె నోట మనకు వినబడదు. భర్త కలముగుండ వచ్చినంతయే మనకు దక్కును. ఈ లోపమును నేను కప్పిపుచ్చను. పురుషుడు వ్రాసిన పెక్కు చరిత్రలలోని లోపమే ఇది. కాని ఆ లోపమునుగూడ ఈ గ్రంథమే మనకు తెలుపుచున్నది. ఎవరి మాట తన బెదరును పోగొట్టెనో, ఆమె మాటలను దినదినము వ్రాసియుంచలేదే యని మే నెల పుటలు చదువునపుడు మనకు తోచును. గుర్తించుటకు మరణము రావలసివచ్చుట ఒక్క స్కాటు ఇంటికే చెందిన తప్పు కాదు.

ఆ యేడు శరత్కాలమున, నెపోలియను చరిత్రకు కావలసిన సంగతులు సేకరించుటకై స్కాటు కుమార్తె ఆనుతో లండనుకును, పారిసుకును పోయెను. అక్టోబరు 31వ తేదీన పారిసు నాటకశాలలో ఐవన్‌హో కథను సంగీతరూపకముగా ప్రదర్శించిరి. ఆయన పోయి చూచెను. వీరులు, కవచములు, పాటలు, కరతాళధ్వనులు! కాని స్కాటునకు జ్ఞప్తికి వచ్చినది వేఱు. ఏండ్లక్రిందట అబట్స్‌ఫర్డులో కడుపునొప్పితో బాధపడుచు, స్వయముగా వ్రాయలేక, ఆ కథను ఒక మిత్రునిచేత వ్రాయించిన దినములు జ్ఞప్తికి వచ్చినవి. అప్పుడు తాను పలికిన మాటలు ఇప్పుడు పరభాషలో వినబడుట వింతగా తోచెను. ఆ భాష ఆయన భార్య పుట్టిన దేశపు భాష. రంగస్థలముమీద రొమాన్సు నడచుచుండగా దానిని కల్పించినవాడు తన యింటిని, తన దేహమును తలచుకొనుచు కూర్చుండెను. ఆ సంవత్సరమున ఆయన నేర్చినదంతయు ఆ యొక్క సాయంకాలములో నున్నట్లు నాకు తోచును.

తరువాతి కథ సంగ్రహముగా చెప్పెదను. నెపోలియను చరిత్ర తొమ్మిది సంపుటములుగా 1827లో వెలువడెను. అదే సంవత్సరము ఫిబ్రవరిలో, ఎడింబరోలోని విందులో, వేవర్లీ గ్రంథకర్తను తానేయని స్కాటు బహిరంగముగా చెప్పెను. రెండేండ్లలో ఋణదాతలకు సుమారు 40,000 పౌనులు చేరినవి. మితిమీరిన శ్రమచేత దేహము కుంగినది. 1830 మొదలుకొని పక్షవాతము పీడించినది. వ్రాతలో పూర్వపు శక్తి తగ్గినది. 1832 సెప్టెంబరు 21వ తేదీన అబట్స్‌ఫర్డులోనే మరణించెను. అప్పటికి ఋణము పూర్తిగా తీరలేదు. గ్రంథముల హక్కులపై వచ్చిన ధనముతో తరువాత తీరినది. దినచర్య 1832 ఏప్రిలులో ఒక వాక్యము నడుమ నిలిచిపోయినది. ఆయన ప్రకటించిన నవలలలో ఏ యొక్కటియు అట్లు నిలువలేదు.

మన నవలాకారులకు ఇందు గ్రహింపదగినది కలదు. చిలకమర్తివారు ఆంధ్రస్కాటు అనిపించుకొన్నది చారిత్రక నవలలచేత. కాని తెలుగువారి యిండ్లలో తఱచుగా తలచుకొనబడునది ఆయన గణపతి. అందు రాజులు లేరు, ముట్టడులు లేవు. మన వీథులలో తిరుగు మనుష్యులున్నారు. స్కాటు జేన్ ఆస్టెనుకు నమస్కరించి కోరుకొనిన నేర్పు మన సాహిత్యములో ఇంటివైపునుండియే వచ్చినదని దీనివలన తెలియుచున్నది. వివాహము జరుగునా లేదా యని ఉత్కంఠ కలిగించు కథలు వ్రాయువారు వ్రాయుదురు గాక. పూచీ కాగితముమీద చేవ్రాలు చేయు రాత్రి భార్యాభర్తలు ఏమి మాటలాడుకొనిరో, జబ్బుమనిషి గదిలో చప్పుడు చేయరాదని ఇల్లంతయు ఎట్లు నడచినదో, అది వ్రాయువారు ఇంకను కావలెను.

గృహస్థులకు కలిగెడి లాభము వేఱు. ఈ దినచర్యను చదివిన రాత్రి, మన యింటి జమాఖర్చు పుస్తకమును ఇల్లాలి యెదుట తెఱచి, మన పేర వ్రాసిన పూచీలేవో, హుండీలేవో ఆమెకు చెప్పుట మంచిది. ఆమె తప్పుపట్టవచ్చును. పట్టనిండు. స్కాటు మే నెలలో వెదకికొనిన మాట డిసెంబరులో ఆయనకు ఆ రూపముననే దొరికియుండెను.